ఓడిన మ్యాచ్‌కు వార్త ఎందుకంటే

పోయిన నెల ఇదే పేజీలో న్యూయార్క్ మెట్స్ అనే బేస్‌బాల్ జట్టు గురించి నాలుగు లైన్లు రాశాను. 1962లో, పుట్టిన ఏడాదే 120 మ్యాచ్‌లు ఓడినా అక్కడి పేపర్లు దాన్ని వదల్లేదని. ఆ నాలుగు లైన్లకు మా అనంతపురం ఆఫీసుకు వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య ఇంకే జవాబుకూ రాలేదు. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: అన్నా, మా హైస్కూల్లో ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆటే) జట్టు పెట్టి రెండేళ్లయింది. ఇంతవరకు ఒక్క మ్యాచ్ గెలవలేదు. ఆడిన ప్రతిసారీ ప్రెస్ నోట్ రాసి ఫోటోతో సహా విలేకరులకు వాట్సాప్‌లో పంపుతా, ఎవరూ వేయరు. మొన్న ఒక పేపర్ వేసింది. హెడ్డింగ్ ‘చిత్తుచిత్తుగా ఓడిన గుత్తి జట్టు’. లోపల మూడు లైన్లు, ఒక్క పిల్ల పేరు లేదు. దాన్నే కత్తిరించి నోటీస్ బోర్డుకు అంటించబోతే మా క్యాచర్ పాప (బ్యాటర్ వెనక నిలబడి బంతి పట్టే అమ్మాయి) వచ్చి ‘పెట్టొద్దు సార్’ అంది. 14-3తో ఓడిన మాట నిజమే, కానీ ఆ పద్నాలుగులో తొమ్మిది రన్లు ఒక్క ఇన్నింగ్స్‌లో ఇచ్చినవి. ఆ పాప రెండో బేస్‌కు దొంగతనంగా పరిగెత్తిన ఇద్దర్ని బంతి విసిరి ఔట్ చేసింది. గెలిచేదాకా ఇక పంపకుండా ఉంటేనే మేలేమో?
– ఒక పీఈటీ, గుత్తి

జవాబు: మానొద్దు సార్. గెలిచేదాకా ఆగితే, గెలిచిన రోజు మీ జట్టు ఎవరో ఏ విలేకరికీ తెలియదు. అప్పుడు కూడా మూడు లైన్లే పడతాయి.

మెట్స్ సంగతి కొంచెం విడమర్చి చెప్తా, ఎందుకంటే మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. 1957 దాకా న్యూయార్క్‌లో మూడు పెద్ద బేస్‌బాల్ జట్లు ఉండేవి. ఆ సీజన్ అయిపోగానే డాడ్జర్స్ లాస్ ఏంజెలెస్‌కూ, జెయింట్స్ శాన్ ఫ్రాన్సిస్కోకూ మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయాయి. యాంకీస్ ఒక్కటే మిగిలింది. తాతల కాలం నుంచి ఆ రెండు జట్ల కోసం గొంతు చించుకున్న జనానికి నాలుగేళ్లపాటు తమదనుకునే జట్టే లేదు. 1962లో మెట్స్ వచ్చింది, డాడ్జర్స్ నీలం, జెయింట్స్ నారింజ కలిపి చొక్కా మీద వేసుకుని. అయితే ఆటగాళ్లు ఎక్కడి నుంచి రావాలి? మిగతా జట్లు వద్దనుకుని జాబితాలో పెట్టినవాళ్లలోంచి ఏరుకోవాలి. ఎవరైనా తమ బంగారాన్ని జాబితాలో పెట్టరు కదా. వయసైపోయినవాళ్లు, ఇంకా పాలుతాగే వయసు దాటనివాళ్లు, గాయాలవాళ్లు దొరికారు. మేనేజర్ కేసీ స్టెంగెల్‌కు అప్పటికి 71 ఏళ్లు. అంతకుముందు యాంకీస్‌కు 12 ఏళ్లలో 7 వరల్డ్ సిరీస్‌లు గెలిపించి, 1960 ఫైనల్ ఓడగానే ఉద్యోగం పోగొట్టుకున్న పెద్దమనిషి.

ఏప్రిల్ 11న సెయింట్ లూయిస్‌లో మొదటి మ్యాచ్ 11-4తో ఓడారు. ఆ తర్వాత ఇంకో ఎనిమిది ఓడారు. మొదటి గెలుపు ఏప్రిల్ 23న, పిట్స్‌బర్గ్‌లో. సీజన్ ముగిసేసరికి 40 గెలుపులు, 120 ఓటములు, ఫీల్డింగ్‌లో 210 తప్పులు. జట్టులో ముఖ్యమైన పిచర్ (బంతి విసిరేవాడు) రోజర్ క్రెయిగ్ ఒక్కడి ఖాతాలోనే 24 ఓటములు.

ఇప్పుడు పేపర్ల దగ్గరికి వద్దాం. అప్పుడు ఆ ఊళ్లో ఏడు పెద్ద దినపత్రికలు ఉండేవి. రోజూ మ్యాచ్, రోజూ ఓటమి, రోజూ అంత జాగా నింపాలి. ‘మెట్స్ మళ్లీ ఓడింది’ అని 120 సార్లు రాస్తే పదకొండో రోజుకే చదివేవాడు పేజీ తిప్పేస్తాడు. అందుకని అక్కడి విలేకరులు ఎంత తేడాతో ఓడారనే లెక్క దగ్గర ఆగకుండా ఎట్లా ఓడారో చూడటం మొదలుపెట్టారు. జూన్ 17 మ్యాచ్ ఒక్కటి చాలు. చికాగో కబ్స్ మీద, మొదటి ఇన్నింగ్స్. మార్వ్ థ్రోన్‌బెర్రీ అనే ఫస్ట్ బేస్‌మన్ బంతిని దూరంగా కొట్టి మూడో బేస్ దాకా పరిగెత్తాడు, ముందే బేస్‌ల మీద ఉన్న ఇద్దరు చుట్టు పూర్తిచేసి రన్లు తెచ్చారు, స్టేడియం లేచి నిలబడింది. (ఆట తెలియనివాళ్లకు: కొట్టినవాడు వరసగా ఒకటి, రెండు, మూడు బేస్‌లు తొక్కుకుంటూ పోవాలి. ఒకటి తొక్కకుండా దాటితే అవతలివాళ్లు బంతి పట్టుకుని ఆ బేస్ తాకి అంపైర్‌ను అడగొచ్చు.) కబ్స్ అదే పని చేసింది. థ్రోన్‌బెర్రీ మొదటి బేస్ తొక్కలేదు. ఔట్. స్టెంగెల్ కోపంగా పోట్లాడటానికి బయల్దేరితే, వద్దులే, వాడు రెండో బేస్ కూడా తొక్కలేదు అని ఆపారట. ఈ మాట అన్నది ఎవరనేది చెప్పేవాళ్లను బట్టి మారుతుంది. మరుసటి బ్యాటర్ చార్లీ నీల్ హోమ్‌రన్ కొట్టాడు, థ్రోన్‌బెర్రీ ఔట్ కాకుండా మూడో బేస్ మీదే ఉంటే వాడికీ ఒక రన్ వచ్చేది. ఇంత జరిగి మ్యాచ్ పోయింది ఎంత తేడాతో అనుకున్నారు? 8-7. ఒక్క రన్.

ఆ ఒక్క రన్ ఏ బేస్ దగ్గర, ఎవరి కాలి కింద పోయిందో పాఠకుడికి కళ్లకు కట్టింది. అరవై ఏళ్లు దాటాక గుత్తిలో ఉన్న మీకు నేను ఆ మ్యాచ్ చెప్పగలుగుతున్నానంటే, ఆ రోజు ఎవరో అంత శ్రద్ధగా రాసిపెట్టబట్టే. అదే పేపర్ ‘కబ్స్ చేతిలో మెట్స్ చిత్తు’ అని మూడు లైన్లు రాసి ఉంటే థ్రోన్‌బెర్రీ ఎవరో నాకు తెలిసేదా?

మన దగ్గర జరిగేది చెప్తా. నేను పదకొండేళ్లు ఒక జిల్లా ఎడిషన్ డెస్కులో స్పోర్ట్స్ చూశాను. సాయంత్రం ఆరు నుంచి ప్రెస్ నోట్‌లు వచ్చి పడేవి, ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీల రోజుల్లో అయితే ఊపిరాడేది కాదు. ప్రతి నోట్‌లో ప్రారంభించిన అతిథి పేరు, హోదా, ఆయన పక్కన నిలబడినవాళ్ల పేర్లు, వాళ్ల పక్కవాళ్ల పేర్లు. చివరి లైన్లో ‘ఫలానా జట్టు గెలిచింది’. ఆడినవాళ్ల పేర్లు ఉండేవి కావు. ఎడిషన్ టైమ్ దగ్గరపడితే ఉన్నదాన్నే కోసి పెట్టేసేవాళ్లం. ఓడిన జట్టుకు మా దగ్గర నాలుగు మాటలు సిద్ధంగా ఉండేవి: చిత్తు, ఘోర పరాజయం, మట్టికరిచింది, చేతులెత్తేసింది. ఆ నాలుగూ నేనూ వాడాను. పదమూడేళ్ల పిల్లల ఆటకు ఆ మాట పెట్టి ఇంటికెళ్లి నిద్రపోయాను. మీ క్యాచర్ పాప అన్న మాట చదివినప్పటి నుంచి మనసు బాగాలేదు. ఆ పాపకు నా తరఫున కూడా క్షమించమని చెప్పండి.

ఇక మీరు చేయాల్సిన పని. మీ నోట్ నాకూ పంపారు కదా, అందులో మొదటి ఆరు లైన్లు అతిథులు. క్యాచర్ విసిరిన రెండు త్రోల సంగతి అసలు లేదు, అది నాకు ఉత్తరంలో రాశారు. ఈసారి ఇట్లా పంపి చూడండి:

‘గుత్తి: అండర్-17 బాలికల సాఫ్ట్‌బాల్ మ్యాచ్‌లో గుత్తి హైస్కూల్ జట్టు 14-3తో ఓడింది. మూడో ఇన్నింగ్స్‌లో వరస తప్పులతో తొమ్మిది రన్లు ఇచ్చిన గుత్తి, ఆ తర్వాత నాలుగు ఇన్నింగ్స్‌లలో రెండు రన్లే ఇచ్చింది. క్యాచర్ (పేరు, తరగతి) రెండో బేస్‌కు దొంగతనంగా పరిగెత్తిన ఇద్దరిని ఔట్ చేసింది. గుత్తి తరఫున (పేర్లు) తలా ఒక రన్ చేశారు.’

నాలుగు వాక్యాలు. సింగిల్ కాలమ్‌లో ఇట్టే పడుతుంది, డెస్కువాడు కోయాల్సిన పని లేదు కాబట్టి వాడికీ సుఖం. రన్ల లెక్క నేను ఊహించి పెట్టా, మీ స్కోర్‌షీట్ చూసి సరిచేసుకోండి. ఓడింది అనే మాట మొదటి వాక్యంలోనే ఉండాలి, దాయొద్దు, దాస్తే పిల్లలే ముందు కనిపెడతారు. అతిథి పేరు ఫోటో కింద పెట్టండి, చాలు.

ప్రశ్న: మీరు మెచ్చుకున్న ఆ పేపర్లు మెట్స్‌ను చూసి నవ్వాయి, ఆటగాళ్లను జోకర్లను చేశాయని చదివాను. మనవాళ్లు ‘చిత్తు’ అంటే తప్పు, వాళ్లు నవ్వితే గొప్పా?
– డిగ్రీ విద్యార్థి, కడప

జవాబు: మంచి ప్రశ్న. నవ్వాయి, నిజం. థ్రోన్‌బెర్రీకి ‘మార్వెలస్ మార్వ్’ అని పేరు పెట్టారు, ఆ పేరులో పొగడ్త ఎంత, వెక్కిరింత ఎంత అనేది ఆ రోజు వాడు ఎన్ని బంతులు వదిలాడన్న దాన్ని బట్టి. అభిమానులు అతని పేరును తిరగేసి ‘వ్రామ్’ అని చొక్కాల మీద రాసుకుని వచ్చేవాళ్లు. అతను దాన్ని తట్టుకున్నాడు. ఆట మానేశాక ఆ పేరుతోనే టీవీలో బీరు ప్రకటనల్లో కనిపించాడు. అందరూ అట్లా తట్టుకోగలరా అంటే నేను ఒప్పుకోను. 1963లో రోజర్ క్రెయిగ్ వరసగా 18 మ్యాచ్‌లు ఓడాడు. వాటిలో చాలావరకు అతను బాగానే వేశాడు, జట్టు రన్లు కొట్టలేదు. అటువంటివాడి మీద నవ్వితే అది అన్యాయం. ఆ విషయం పట్టుకుని రాసిన విలేకరి, పిచర్ ఎంత బాగా వేశాడో లెక్కతో చూపించినవాడు, నాకు ఎక్కువ.

నేను గీసుకునే గీత ఇది. జీతం తీసుకుని ఆడే పెద్దవాడు, రోజూ ఎదురుపడి ‘ఏం రాశావయ్యా’ అని నిలదీయగలిగినవాడు అయితే కాస్త సరదాగా రాయొచ్చు. మరుసటి రోజు వాడి ముఖం చూడాలన్న భయం రాసేవాడి చేతిని అదుపులో పెడుతుంది. బడి పిల్లలు మనల్ని ఏమీ అడగలేరు. వాళ్ల విషయంలో ఒక్క వెటకారం మాట కూడా వద్దు.

ఇంకోటి కూడా ఉంది. స్టెంగెల్‌కు పేపర్లవాళ్ల పని బాగా తెలుసు, వాళ్లను ‘నా రైటర్స్’ అనేవాడు. ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో తెలియని మాటలు గంటలకొద్దీ చెప్పేవాడు. విలేకరుల నోట్‌బుక్కులు అతని మాటలతోనే నిండిపోతుంటే, బంతి వదిలేసిన కుర్రాడి మీద రాయడానికి జాగా తగ్గేది. పెద్దాయన కావాలనే తన మీదకు లాక్కున్నాడని నా నమ్మకం. మన కోచ్‌లు కూడా ఓడిన రోజు విలేకరి ముందుకు తామే రావాలి.

ప్రశ్న: స్కోరు మ్యాచ్ అయిన నిమిషానికే ఫోన్‌లో వస్తోంది. పొద్దున పేపర్లో ఓటమి వార్త ఎవరు చదువుతారు సార్? నేను కంట్రిబ్యూటర్‌గా చేరి ఆరు నెలలైంది, టెన్షన్‌గా ఉంది.
– ఆదోని

జవాబు: తమ్ముడూ, ఇదే టెన్షన్ వాళ్లకూ ఉండేది. అప్పుడు న్యూయార్క్‌లో పొద్దున పేపర్లు వేరు, మధ్యాహ్నం పేపర్లు వేరు. మధ్యాహ్నం పేపర్ చేతికొచ్చేసరికి స్కోరు రేడియోలో, టీవీలో, పొద్దున పేపర్లో మూడుసార్లు తెలిసిపోయి ఉండేది. అప్పుడే కొందరు కుర్ర విలేకరులు ప్రెస్ బాక్స్‌లో కూర్చోవడం మాని డ్రెస్సింగ్ రూముల్లోకి దూరి ఆ బంతి ఎందుకు వదిలావు, అప్పుడు ఏమనుకున్నావు అని అడగడం మొదలుపెట్టారు. పెద్ద కాలమిస్టు జిమ్మీ కానన్‌కు వాళ్ల గోల నచ్చక ‘చిప్‌మంక్స్’ అని పేరు పెట్టాడు, అంటే ఉడతలు. న్యూయార్క్ పోస్ట్‌లో లెనార్డ్ షెక్టర్, న్యూస్‌డేలో స్టాన్ ఐజాక్స్ ఆ గుంపువాళ్లే. మెట్స్ జట్టు ఈ కుర్ర విలేకరులకు బాగా కలిసొచ్చింది. గెలిచినవాడు ‘దేవుడి దయ’ అని వెళ్లిపోతాడు, ఓడినవాడి దగ్గర చెప్పడానికి ఉంటుంది. ఆ జట్టు మొదటి గెలుపు తెచ్చిన పిచర్ జే హుక్ ఇంజినీరింగ్ చదివినవాడు, బంతి గాల్లో ఎందుకు వంపు తిరుగుతుందో శాస్త్రం చెప్పగలిగేవాడు, ఆ ఏడాదే 19 మ్యాచ్‌లు ఓడాడు. అటువంటి మనిషి ఏ స్కోరు పట్టికలో కనిపిస్తాడు చెప్పు?

నీ ఊళ్లో మ్యాచ్‌కు వెళ్లినప్పుడు ముందు ఓడిన జట్టు దగ్గరికి నడువు. వెంటనే అడగొద్దు, నీళ్లు తాగనీ. ‘ఎందుకు ఓడారు’ అనే ప్రశ్న అసలు అడగొద్దు. ‘ఆ మూడో ఇన్నింగ్స్‌లో ఆ బంతి దగ్గర ఏం జరిగింది’ అని ఒక బంతి పట్టుకుని అడుగు. పేరు స్పెల్లింగ్ వాళ్ల చేతనే నీ నోట్‌బుక్కులో రాయించుకో.

ప్రశ్న: పేపర్లు రాయబట్టే మెట్స్‌కు జనం వచ్చారన్నట్టు చెప్తున్నారు. పేపర్లకు అంత బలం ఉందంటే నాకు నమ్మకం లేదు.
– రిటైర్డ్ టీచర్, కర్నూలు

జవాబు: మీరన్నది సగం ఒప్పుకుంటా మాస్టారూ. 1962 డిసెంబరు 8న న్యూయార్క్ పేపర్లలో సమ్మె మొదలై 114 రోజులు నడిచింది, మార్చి నెలాఖరు దాకా ఆ పెద్ద పేపర్లలో చాలావరకు లేవు. మెట్స్ గురించి జనం కూర్చుని మాట్లాడుకోవాల్సిన చలికాలమంతా పేపర్ లేకుండానే పోయింది. అయినా 1962లో 9,22,530 మంది వస్తే, 1963లో 111 మ్యాచ్‌లు ఓడిన ఏడాది 10,80,108 మంది వచ్చారు. జనం వచ్చింది వదిలిపోయిన జట్ల మీద బెంగతో. 1962 మే 30న డాడ్జర్స్ పాత ఊరికి ఆడటానికి వచ్చిన రోజు పోలో గ్రౌండ్స్‌లో 55 వేల మందికి పైగా ఉన్నారు. రెండు మ్యాచ్‌లూ మెట్స్ ఓడింది.

పేపర్లు చేసింది ఆ జనాన్ని చూడటం. జనం దుప్పట్ల మీద రంగుతో నినాదాలు రాసుకుని స్టాండ్స్‌లో పరిచేవాళ్లు. క్లబ్బుకు మొదట అది నచ్చలేదు. డైలీ న్యూస్‌లో డిక్ యంగ్ ఈ జనానికి ‘కొత్త జాతి’ అని పేరు పెట్టి రాశాడు. న్యూయార్కర్ పత్రికలో రోజర్ ఏంజెల్ ఆటకంటే ఎక్కువగా ఆ అరుపుల గురించి రాశాడు. పొద్దున తమ దుప్పటి సంగతి పేపర్లో చదువుకున్నవాడు సాయంత్రం ఇంకో దుప్పటి తెస్తాడు కదా. 1963కల్లా క్లబ్బే ‘బ్యానర్ డే’ అని ఒక రోజు పెట్టి వాళ్లను గ్రౌండ్‌లో నడిపించింది. అంతవరకే నేను పేపర్ల ఖాతాలో వేస్తా.

ప్రశ్న: ఆ జట్టు ఎప్పటికైనా గెలిచిందా?
– తాడిపత్రి

జవాబు: గెలిచింది. మొదటి నాలుగేళ్లూ ఏటా వందకు పైగా ఓటములు, 1967లో ఇంకోసారి 101. 1969లో 100 మ్యాచ్‌లు గెలిచి, వరల్డ్ సిరీస్‌లో బాల్టిమోర్ ఓరియోల్స్‌ను 4-1తో ఓడించింది. అప్పటికి స్టెంగెల్ మేనేజర్‌గా లేడు, 1965లో తుంటి విరిగి తప్పుకున్నాడు. మొదటి ఏడాది మెట్స్ గురించి రాసిన పేపర్లలో హెరాల్డ్ ట్రిబ్యూన్, మిర్రర్ లాంటివి ఆ గెలుపు రాయడానికి మిగల్లేదు, మూతపడ్డాయి. నాకు ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా బాధేస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి కబడ్డీ ఆడుతుంది. తన పేరు మొదటిసారి పేపర్లో పడింది, ఓడిన మ్యాచ్‌లోనే, ‘ఆరు పాయింట్లు తెచ్చింది’ అని ఒక్క లైను. ఆ కటింగ్ ఎట్లా దాచాలి? లామినేషన్ చేయించమంటున్నారు మా ఆయన.
– గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, లామినేషన్ వద్దు. వేడికి అచ్చు దెబ్బతినొచ్చు, ఒకసారి అంటుకుంటే మళ్లీ ఊడదు. సెల్లో టేపు, గమ్ము కూడా వద్దు, రెండేళ్లకు టేపు కింద గోధుమరంగు మరక తేలుతుంది. న్యూస్‌ప్రింట్ చెక్క గుజ్జుతో చేసిన చవక కాగితం, ఎండ తగిలితే పసుపెక్కి పొడిపొడి అవుతుంది. ఒక్క లైనే అయినా ఆ లైను వరకే కత్తిరించకండి, పేపర్ పేరు, తేదీ ఉన్న పై భాగం కూడా కలిపి పేజీ మొత్తం తీయండి. ముందు మంచి తెల్ల కాగితం మీద రెండు జిరాక్సులు తీయించండి, ఫోన్‌లో ఫోటో కూడా తీసి పెట్టుకోండి. అసలు పేజీని మడత పెట్టకుండా రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, ఎండ, చెమ్మ తగలని బీరువాలో, పట్టుచీరల కింద అయినా సరే, పరిచి ఉంచండి. తెల్ల కాగితం మీద పెన్సిల్‌తో ఎక్కడ ఆడింది, ఎవరి మీద, ఎంత తేడాతో ఓడారు, అమ్మాయి చేతనే రాయించండి.